సైబర్ భద్రతలో అందరినీ కలుపుకుపోయే నాయకత్వానికి అవార్డు: మా లీడ్ పేరు పంపొచ్చా, పంపితే ఏం రాయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖ మధురవాడలో ఒక సాక్‌లో, అంటే కంపెనీల నెట్‌వర్కుల మీద దాడుల కోసం రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే కేంద్రంలో, ఎల్2 (రెండో అంచె) అనలిస్టుగా చేస్తున్నారు. మీ క్లయింట్లలో ఓడరేవు మీద ఆధారపడిన కంపెనీలు, రక్షణ రంగానికి విడిభాగాలు సరఫరా చేసేవాళ్లు ఉన్నారు. సైబర్ భద్రత, జాతీయ భద్రత రంగాల్లో అందరినీ కలుపుకుపోయే నాయకులకిచ్చే ఒక అవార్డుకు మీ టీమ్ లీడ్ మేడమ్ పేరు పంపుదామని హెచ్‌ఆర్ అంది, రాసే పని మీ మీద పడింది. "టీమ్‌లో ఆడవాళ్లు ఎంతమందో రాస్తే చాలా? అసలు ఇది భద్రతకు సంబంధించిన విషయమేనా, కంపెనీ ప్రచారమా?" అని మీ అనుమానం.

సూటిగా చెప్తాను. పంపండి, కానీ తలల లెక్కతో సరిపెట్టకండి. ఆవిడ లీడ్ అయ్యాక ఎవరి మాట కొత్తగా వినపడటం మొదలైంది, దానివల్ల పనిలో ఏ నిర్ణయం మారింది, అది రాయండి. దీనికంటే ముందు, ఏది రాయకూడదో తేల్చుకోండి. మీ క్లయింట్లు ఎవరో చూస్తే రెండోదే ఎక్కువ ముఖ్యం, దాని దగ్గరకి వస్తాను.

నేను రెండు దశాబ్దాలకు పైగా ఈ ఊళ్లోనే పనిచేశాను. మొదట పరిశ్రమల్లో కంట్రోల్ రూమ్ నెట్‌వర్కులు చూసేవాణ్ణి, తర్వాత సాక్‌లు నిలబెట్టడం, నడపడం. కొన్నేళ్లుగా ఇలాంటి అవార్డుల జ్యూరీల్లోనూ కూర్చుంటున్నాను కాబట్టి మీరు రాసే కాగితం చదివేవాళ్లకి ఎలా కనిపిస్తుందో తెలుసు.

ముందు మీ అనుమానం సంగతి. ఇది భద్రత విషయమే, పూర్తిగా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. సంఘటన గమనించిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి, లాగ్స్ (సిస్టమ్‌లలో జరిగిన ప్రతిదాని నమోదులు) 180 రోజులు దాచాలి. లాగ్స్ దాచడం డబ్బు ఖర్చు పెడితే అయిపోతుంది. ఆ 6 గంటలు మాత్రం మనుషుల చేతిలో ఉన్నాయి. రాత్రి రెండున్నరకి ఎల్1లో, అంటే అలర్ట్‌లు ముందు చూసే మొదటి అంచెలో, కూర్చున్న కొత్తమ్మాయికి ఒక అలర్ట్ తేడాగా కనిపించింది అనుకోండి, "ఇంత చిన్నదానికి నిద్ర లేపుతావా" అని ఎవరైనా విసుక్కుంటారన్న భయం ఉంటే ఆ అమ్మాయి టికెట్‌ని తక్కువ ప్రయారిటీలో పెట్టేసి పొద్దున షిఫ్ట్ హ్యాండోవర్‌లో చెప్తుంది, అప్పటికి సగం పైన సమయం అయిపోతుంది. టూల్ పట్టుకుంది, మనిషి గమనించింది, అయినా కబురు పైకి వెళ్లలేదు. అందుకే నేను ఏ లీడ్‌నైనా ఒకే ప్రశ్నతో కొలుస్తాను: మీ టీమ్‌లో అందరికంటే జూనియర్, మిమ్మల్ని రాత్రి లేపి, అది ఉత్తుత్తి అలారం అని తేలాక కూడా, మర్నాడు మళ్లీ లేపగలరా?

ఒక కేసు చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట, ఒక పెద్ద ప్లాంటు, పేరు అనవసరం. కంట్రోల్ రూమ్ వెనక ప్యానెళ్ల గది ఊడ్చే కాంట్రాక్టు హెల్పరు ఒకాయన, భూములు పోయిన నిర్వాసిత కుటుంబం నుంచి వచ్చినాయన, అక్కడి స్విచ్‌కి కొత్తగా ఒక చిన్న డబ్బా తగిలించి ఉండటం చూశాడు. రోజూ అదే గది కదా, ఏ వైరు ఎటు పోతుందో ఇంజనీర్ల కంటే ఆయన కళ్లకే బాగా అలవాటు. సూపర్‌వైజర్‌కి చెప్తే "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. ఆ డబ్బా ఏంటంటే, ఒక వెండర్ ఇంజనీరు ఇంటి నుంచి లాగిన్ అయి పని చేసుకోవడానికి పెట్టుకున్న 4జీ రూటర్. దురుద్దేశం ఏమీ లేదు, కానీ పంపులూ వాల్వులూ తిప్పే నెట్‌వర్క్‌కీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య ఫైర్‌వాల్ లేని దారి పడిపోయింది. ఆడిట్‌లో దొరికేదాకా వారాల తరబడి అలాగే ఉంది. ఆడిట్ రిపోర్టులో "టెక్నికల్ కంట్రోల్స్ లోపం" అని రాశారు. హెల్పరు ముందే చెప్పిన సంగతి అందులో ఒక్క ముక్క లేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

తర్వాత ఆ విభాగానికి ఒక మేనేజర్ వచ్చారు. ఆవిడ గేటు దగ్గర గార్డులకీ, హౌస్‌కీపింగ్ వాళ్లకీ, క్యాంటీన్ వాళ్లకీ ఒక ఫోన్ నంబరిచ్చి, "తేడాగా ఏం కనిపించినా చెప్పండి, తెలుగులోనే చెప్పండి, అందులో ఏమీ లేకపోయినా ఎవరూ ఏమీ అనరు" అన్నారు. వచ్చిన ఫోన్లలో చాలావాటిలో నిజంగానే ఏమీ ఉండేది కాదు. అయినా ఆవిడ ప్రతిసారీ మనిషిని పంపేవారు, ఏం తేలిందో ఫోన్ చేసినవాళ్లకి తిరిగి కబురు చేసేవారు. ఇలా తిరిగి చెప్పడమే అసలు కిటుకు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. చెప్పిన మాట ఏమైందో తెలియకపోతే రెండోసారి ఎవరు చెప్తారు? ఇప్పుడు నామినేషన్ల కట్టలో ఇలాంటి ఒక్క పేరా కనిపిస్తే నేను ఆగి చదువుతాను.

"మేం సివిలియన్లం, జాతీయ భద్రత ఎక్కడ?" అని మీరు చివర్లో అడిగారు. మన ఊళ్లో ఉండి అడగాల్సిన ప్రశ్న కాదండీ ఇది. తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే, నౌకాదళానికి ఆయుధాల పరిశోధన చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ఇక్కడే, షిప్‌యార్డ్, పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు అన్నీ ఒకే ఊరి చుట్టూ ఉన్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది కాబట్టి డేటా సెంటర్లూ ఈ లెక్కలోకి వస్తాయి. దేశానికి కీలకమైన సమాచార వ్యవస్థలను కాపాడే ఎన్‌సీఐఐపీసీని 2014లో పెట్టినప్పుడే విద్యుత్తు, బ్యాంకులు, టెలికాం, రవాణా లాంటివి కూలిపోతే దేశ భద్రతకే దెబ్బ అన్న ఆలోచనతో పెట్టారు. వాటికి విడిభాగాలు ఇచ్చే చిన్న కంపెనీ మెయిల్ సర్వర్‌ని కాపాడేవాళ్లూ ఆ పనిలో ఉన్నట్టే. శత్రువు పెద్ద గోడ ఎక్కడు, సరఫరాదారు దగ్గర తెరిచి ఉన్న కిటికీ వెతుక్కుంటాడు.

ఇక ఏం రాయాలో. మీ లీడ్ గురించి నాకు తెలియదు కాబట్టి నేను జ్యూరీలో దేని కోసం వెతుకుతానో చెప్తాను.

మొదటిది హోదా, జీతం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున శత్రువుల రహస్య సందేశాలు విప్పిన బ్లెచ్లీ పార్క్‌లో పనిచేసినవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లు. 1970ల దాకా ఆ పని సంగతి బయటికే రాలేదు. జోన్ క్లార్క్ అని గణితం చదివినావిడ, జర్మన్ నౌకాదళం సందేశాలు రహస్య లిపిలోకి మార్చడానికి వాడిన ఎనిగ్మా యంత్రం మీద పనిచేసింది. ఆమెకు జీతం పెంచాలంటే ఆ పనిలో ఉన్న ఆడవాళ్లకి పై గ్రేడే లేదు, అందుకని "లింగ్విస్ట్" గ్రేడ్‌లో చూపించారు, ఆమెకు పరాయి భాష ఒక్కటీ రాకపోయినా. ఎనభై ఏళ్లు దాటింది కదా, ఇప్పుడెక్కడ అంటారా? మన ఐటీ హిల్స్‌లోనే చూడండి, డిజిగ్నేషన్ "కోఆర్డినేటర్", చేసే పని త్రెట్ హంటింగ్, అంటే నెట్‌వర్క్‌లో దాక్కున్న దాడిని వెతికి పట్టుకోవడం. పక్క సీట్లో అదే పని చేసే అబ్బాయి "సీనియర్ అనలిస్ట్". మన నౌకాదళంలోనూ మహిళా అధికారులకి శాశ్వత కమిషన్ విషయం తేలడానికి సుప్రీంకోర్టు 2020 మార్చి 17న తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. మీ లీడ్ ఎవరి డిజిగ్నేషన్ అయినా పోట్లాడి సరిచేయించి ఉంటే దాన్ని మొదటి పేరాలో పెట్టండి.

రెండోది మాట, యాస. దీని మీద నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, పాడేరు వైపు నుంచి వచ్చే పిల్లలు లాగ్స్ చదవడంలో ఎవరికీ తీసిపోరు. కానీ ఇన్సిడెంట్ మీద అందరూ కలిసి క్లయింట్‌తో మాట్లాడే బ్రిడ్జ్ కాల్ మొదలవగానే మ్యూట్‌లోకి వెళ్లిపోతారు. ఇంగ్లీషుకి తడబాటు ఒక ఎత్తు, తెలుగు మాట్లాడినా యాస విని నవ్వే సహోద్యోగులు ఉండటం ఇంకో ఎత్తు. దాంతో కాల్‌లో బాగా మాట్లాడేవాడి ఊహే టీమ్ అభిప్రాయం అయిపోతుంది, అసలు ఆధారం చూసినవాడు చాట్‌లో కూడా రాయడు. నేను చూసిన మంచి లీడ్‌లు దీనికి చేసినవి చాలా చిన్న పనులు. కాల్‌కి ముందు పది నిమిషాలు టీమ్ వరకే తెలుగులో మాట్లాడుకోవడం. హ్యాండోవర్ నోట్‌లో "నాకు ఇంకా నమ్మకం కుదరని సంగతి" అని ఒక గడి పెట్టడం. ఇన్సిడెంట్ నడిపించే బాధ్యత అందరికీ వంతులవారీగా రావడం.

దీని వల్ల భద్రతకి ఒరిగేదేంటంటే, 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని తీసుకెళ్లి అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. అలాంటి వలలో పడేవాళ్లు ఏ మాట నమ్ముతారో, ఏజెంటు ఊళ్లోకి ఎలా వస్తాడో, ఆ ఊళ్లలో పెరిగిన అనలిస్టుకి తెలిసినంతగా, దాడుల సమాచారం పంపే ఏ త్రెట్ ఇంటెలిజెన్స్ ఫీడూ చెప్పదు. ఆ అనలిస్టు మ్యూట్‌లో ఉంటే ఆ తెలివిడి కూడా మ్యూట్‌లోనే ఉంటుంది.

మూడోది వైకల్యం ఉన్నవాళ్లు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూసే ఉంటారు. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు డిజిటల్ కేవైసీలో "కళ్లు ఆర్పండి" అన్న దగ్గరే ఆగిపోతున్నారని, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. సెక్యూరిటీవాళ్లం దీన్ని దయ అనుకుంటాం, నిజానికి మన కంట్రోల్స్ సంగతే అది. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేయని ఎంఎఫ్‌ఏ యాప్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు అడిగేది) పెట్టామనుకోండి, చూపులేని ఉద్యోగి ఏం చేస్తాడు? ఫోనూ పిన్నూ పక్కవాడి చేతిలో పెడతాడు. అక్కడితో రెండో ఫ్యాక్టర్ లేనట్టే, కానీ డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం నూరు శాతం అమలు అని పచ్చగా కనిపిస్తుంది. కొత్త కంట్రోల్ పెట్టేముందు ఇలాంటి ఉద్యోగితో పరీక్ష చేయించిన లీడ్ ఎవరైనా ఉంటే వాళ్లకి నా మార్కులు దండిగా పడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అందరినీ కలుపుకోవడమంటే అందరికీ అన్నీ చూపించడం కాదు. రక్షణ క్లయింట్ల డేటా అవసరమైనవాళ్లకే, ఆ గీత చెరపకూడదు. చర్చలో అందరికీ చోటివ్వొచ్చు, యాక్సెస్ మాత్రం పనిని బట్టే. నామినేషన్‌లో "మా దగ్గర అడ్డుగోడలు లేవు, అందరికీ అన్నీ తెలుసు" అని గొప్పగా రాసినవాళ్లని చూశాను. జాతీయ భద్రత అవార్డుకి అది రాస్తే అక్కడే పక్కన పెట్టేస్తాం.

రాయకూడనివి. 2019 డిసెంబరులో మన ఊళ్లో బయటపడిన గూఢచర్యం కేసుకి ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో వల వేసి నౌకాదళ సిబ్బంది నుంచి సమాచారం లాగారన్నది ఆరోపణ. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి వెళ్లింది, ఆ నెలలోనే నౌకాదళం ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లూ ఫేస్‌బుక్కూ నిషేధించింది. శత్రువు ముందు మనిషిని వెతుక్కుంటాడు, ఆ మనిషి ఎవరో మనమే ఆన్‌లైన్‌లో చెప్పేస్తాం. అవార్డు నామినేషన్ అలాంటి కాగితమే, అదీ ఫొటోతో, హోదాతో, పని వివరాలతో సహా. కాబట్టి క్లయింట్ పేరు, ఏ ఫైర్‌వాల్, ఏ సీమ్ (లాగ్స్ అన్నీ ఒకచోట చేర్చి అలర్ట్‌లిచ్చే టూల్), రాత్రి షిఫ్టులో ఎంతమంది, ఏ ఇన్సిడెంట్‌ని ఎలా పట్టుకున్నారు, ఇవేవీ వద్దు. "రక్షణ రంగానికి సంబంధించిన ఒక క్లయింటు" అన్నది కూడా మీ సీసో (కంపెనీ సమాచార భద్రత అధిపతి), క్లయింటు ఒప్పుకున్నాకే రాయండి. రహస్యాలు బయట పెట్టనని మీరు రాసిచ్చిన ఎన్‌డీఏ ఒప్పందం సరే, పైన 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా ఉందని హెచ్‌ఆర్‌కి గుర్తు చేయండి, వాళ్లకి సాధారణంగా ఇది తట్టదు. టీమ్ ఫొటోలో ఐడీ కార్డులు, వెనక స్క్రీన్లు, గోడ మీద వైట్‌బోర్డు పడకుండా చూడండి.

అవార్డు వస్తే పని అక్కడితో అయిపోదు. లింక్డ్‌ఇన్‌లో పోస్టు పడిన వారంలోనే "అభినందనలు, సర్టిఫికెట్ ఇక్కడ డౌన్‌లోడ్ చేసుకోండి" అని మెయిళ్లు మొదలవుతాయి. ఆవిడకే కాదు, ఆవిడ పేరు మీద టీమ్‌కి కూడా వస్తాయి. ముందే అందరికీ చెప్పి ఉంచండి.

అవార్డు ఇచ్చేది ఎవరో కూడా చూసుకోండి. నామినేషన్ ఉచితమని చెప్పి, "ఎంపికయ్యారు, టేబుల్‌కి ఇంత కట్టండి" అనేవి చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. జ్యూరీలో ఎవరున్నారు, ఏ ప్రమాణాలతో చూస్తారు, పాత విజేతలు ఏం చేశారు, ఈ మూడూ బయట పెట్టనివాళ్లని నమ్మొద్దు. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ 2008లో డేటా భద్రత కోసం పెట్టిన డీఎస్‌సీఐ ఏటా ఎక్సలెన్స్ అవార్డులిస్తుంది, మీకు వచ్చిన ఫారాన్ని దాని పక్కన పెట్టి పోల్చండి, తేడా తెలిసిపోతుంది.

బలహీనమైన నామినేషన్లు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి. మహిళా దినోత్సవం కేకు ఫొటో, "మేమంతా ఒకే కుటుంబం", ఇంకా అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది "మేడమ్ మమ్మల్ని అమ్మలా చూసుకుంటారు". ప్రేమతోనే రాస్తారు, నాకు తెలుసు. కానీ మగ లీడ్ గురించి "నాన్నలా చూసుకుంటారు" అని ఎవరైనా రాయగా నేను చూడలేదు, ఆయన గురించి రాసేటప్పుడు నిర్ణయాలు రాస్తారు. ఆవిడ గురించి కూడా నిర్ణయాలే రాయండి. రాత్రి షిఫ్టు క్యాబ్ గాజువాక దాకా ఇంటి గుమ్మం ముందు దించేలా రూటు మార్పించారా, షిఫ్టు వద్దన్న అమ్మాయి అప్రైజల్ దెబ్బతినకుండా చూశారా, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన అంతర్గత కమిటీ మీ ఆఫీసులో నిజంగా పనిచేస్తోందా? ఆ కమిటీ కాగితం మీదే ఉంటే మిగతాదంతా ఎంత బాగా రాసినా నేను నమ్మను.

రాసే ముందు ముగ్గురితో మాట్లాడండి: టీమ్‌లో అందరికంటే కొత్తగా చేరినవాళ్లు, ఆవిడతో ఏదో ఒక విషయంలో గట్టిగా విభేదించినవాళ్లు, టీమ్ వదిలి వెళ్లిపోయినవాళ్లు. వెళ్లిపోయినవాళ్లు చెప్పేది బంగారం, వాళ్లకి భయమూ లేదు, మొహమాటమూ లేదు. వాళ్ల దగ్గర ఒక్క మంచి ఉదాహరణ కూడా దొరక్కపోతే ఈ ఏడాదికి ఆగండి.

చివరిగా, ఆవిడకి చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామని అనుకుంటున్నట్టు రాశారు. వద్దండీ. రక్షణ క్లయింట్లతో పనిచేసే మనిషి తన పేరూ ఫొటో బయటికి రావాలా వద్దా అన్నది తనే తేల్చుకోవాలి, ఇంట్లోవాళ్లనీ అడగాల్సి రావొచ్చు. డ్రాఫ్టు ఆవిడ చేతికిచ్చి, కొట్టేయాల్సినవి కొట్టేయమనండి, తర్వాత సీసోకి పంపండి. ఆవిడ వద్దంటే వదిలేయండి, కానీ మీరు పోగుచేసిన ఉదాహరణలన్నీ రెండు పేజీల్లో రాసి ఆవిడ ప్రమోషన్ ఫైల్లో పెట్టమని హెచ్‌ఆర్‌కి ఇవ్వండి, అక్కడైతే ఫొటో అక్కర్లేదు.